రౌతు పేరేమిటి? నల్లజాతి గుర్రపు స్వారీ, నేటి చిత్రకళ

1993లో అమెరికా తపాలా శాఖ పడమటి రాష్ట్రాల చరిత్ర మీద ఇరవై స్టాంపుల షీటు ఒకటి ముద్రించింది. అందులో ఒక స్టాంపు బిల్ పికెట్‌ది. బానిసత్వం రద్దయిన ఐదేళ్ళకు, 1870లో, టెక్సస్‌లో పుట్టిన నల్లజాతి కౌబాయ్ ఆయన. పరుగు మీదున్న గుర్రం నుంచి ఎద్దు మీదికి దూకి, కొమ్ములు పట్టుకుని, మెడ తిప్పి నేలకు వాల్చే విద్యను, కౌబాయ్‌లు తలపడే రోడియో పోటీలకు ఇచ్చింది ఆయనే. అయితే ఆ స్టాంపులు అధికారికంగా విడుదల కాకముందే ఒక సంగతి బయటపడింది. బొమ్మలో ఉన్నది బిల్ కాదు, ఆయన సోదరుడు బెన్. చిత్రకారుడు ఆధారంగా తీసుకున్న పాత ఫోటో కిందే పేరు తప్పుగా ఉంది.

తపాలా శాఖ షీట్లన్నీ వెనక్కి తెప్పించి, బిల్ మొహంతో కొత్తవి ముద్రించింది. తప్పు బొమ్మ ఉన్నవి కొన్ని అప్పటికే అమ్ముడైపోయాయి. దాంతో వాటికి విపరీతమైన గిరాకీ పుట్టింది. చివరికి పాత షీట్లలో లక్షా యాభై వేలు లాటరీ పద్ధతిలో అమ్మారు.

అమెరికా నల్లజాతి గుర్రపు స్వారీ గురించి, దాన్ని బొమ్మకట్టే నేటి చిత్రకారుల గురించి రాయాలనుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ స్టాంపే. దేశమంతా పేరు తెలిసిన నల్లజాతి రౌతు విషయంలోనే పేరు ఒకరిదీ మొహం ఇంకొకరిదీ అయింది. ఇక పేరు కూడా మిగలని వేలమంది మాటేమిటి?

గత ఇరవై ఏళ్ళలో అమెరికా మ్యూజియాల్లో, గ్యాలరీల్లో గుర్రమెక్కిన నల్లజాతి మనుషుల చిత్రాలు చాలా కనిపిస్తున్నాయి. వాటిని చూసేవాళ్ళు సాధారణంగా ఒకటే మాట అంటారు: ‘పాశ్చాత్య చిత్రకళలో ఇన్నాళ్ళూ చోటు దొరకని వాళ్ళకు ఇప్పుడు చోటిస్తున్నారు.’ ఈ మాట సగమే నిజం. ఇక్కడ రెండు వేరువేరు కథలు చిక్కుపడి ఉన్నాయి. ఒకటి యూరప్ రాజుల గుర్రపు చిత్రాల కథ. రెండోది, రాజులతో ఏ సంబంధమూ లేకుండా తరతరాలుగా గుర్రాలతో బతికిన నల్లజాతి కుటుంబాల కథ. ముందు ఈ రెండు దారాలనూ విడదీయాలి.

కంచర గాడిద మీద నెపోలియన్

‘రౌతు కొద్దీ గుర్రం’ అంటాం మనం. యూరప్ చిత్రకళలో ఇది తిరగబడింది. అక్కడ గుర్రం కొద్దీ రౌతు. 1548లో టిషియన్ అయిదో చార్లెస్ చక్రవర్తిని గుర్రం మీద చిత్రించాక ఆ పద్ధతి రాజులందరికీ కావలసి వచ్చింది. మనిషి కంటే బరువైన, బలమైన జంతువును ఒంటిచేత్తో అదుపులో పెట్టినవాడు దేశాన్ని కూడా అలాగే ఏలగలడని ఆ బొమ్మ చెబుతుంది. మన జానపద కథల్లో రాకుమారుడికి పంచకళ్యాణి ఎందుకో, ఊరి వీరగల్లు మీద చనిపోయిన వీరుడు గుర్రమెక్కి ఎందుకుంటాడో తెలిసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ తరహాలో అందరికీ తెలిసినది జాక్ లూయీ డేవిడ్ 1801లో వేసిన నెపోలియన్ చిత్రం. ఆల్ప్స్ పర్వతాల్లో ముందుకాళ్ళు లేపిన గుర్రం, గాలికి ఎగిరే దుప్పటి, పైకి చూపే చెయ్యి. నిజానికి నెపోలియన్ ఆ కొండలు దాటింది కంచర గాడిద మీద. ఆ బొమ్మ కోసం చిత్రకారుడి ముందు కూర్చోలేదు కూడా. అదే నెపోలియన్ మరుసటి ఏడు, 1802లో, ఫ్రెంచి వలసల్లో రద్దయిన బానిసత్వాన్ని మళ్ళీ తెచ్చాడు. ఆ సంగతి చిత్రంలో ఎక్కడా ఉండదు. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తేనే నల్లజాతి చిత్రకారుడు కెహిండే వైలీ చేసిన పని అర్థమవుతుంది.

వైలీ 1977లో లాస్ ఏంజెలస్‌లో పుట్టాడు. న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్ వీధుల్లో నడిచిపోయే కుర్రాళ్ళను ఆపి, స్టూడియోకి పిలిచి, పాత కళా పుస్తకాలు ముందు పెట్టి, ‘ఇందులో మీకు నచ్చిన భంగిమ ఎంచుకోండి’ అనేవాడు. వాళ్ళు ఎంచుకున్న రాజు స్థానంలో వాళ్ళనే, తమ సొంత బట్టల్లోనే చిత్రించేవాడు. 2005లో డేవిడ్ నెపోలియన్‌ని తీసుకుని వేసిన చిత్రం ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. తొమ్మిది అడుగుల చదరం. గుర్రం అదే, చెయ్యి చూపడం అదే. రౌతు ఒంటి మీద మాత్రం మిలిటరీ మచ్చల బట్టలు, తలకు కట్టిన గుడ్డ, కాళ్ళకు టింబర్‌ల్యాండ్ బూట్లు. వెనక ఆల్ప్స్ ఆకాశం పోయి ఎర్రటి జరీ పట్టులాంటి నేపథ్యం వచ్చింది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ పూలతీగల మధ్య ఈదుతున్న చిన్న చిన్న వీర్యకణాలు కనిపిస్తాయి. మగతనాన్ని ఇంతగా కొలిచే ఈ చిత్ర సంప్రదాయం అసలు దేని మీద నిలబడిందో వైలీ అక్కడ గుర్తుచేస్తున్నాడు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది కింద ఎడమ మూలన ఉన్న రాళ్ళు. డేవిడ్ చిత్రంలో ఆ రాళ్ళ మీద ఆల్ప్స్ దాటిన వాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి: బోనపార్ట్, హానిబాల్, చార్లెమేన్. వైలీ వాటిని తీసెయ్యలేదు. వాటితో పాటు ఇంకొక పేరు చెక్కాడు: విలియమ్స్. గుర్రం మీదున్న కుర్రాడి ఇంటిపేరు. పేరుతో పాటు ఆ బొమ్మ అతనిదయింది.

2016లో వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో తన ప్రదర్శన జరుగుతున్నప్పుడు వైలీ ఆ ఊళ్ళోని మాన్యుమెంట్ అవెన్యూ చూశాడు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి అంతర్యుద్ధంలో పోరాడిన దక్షిణాది సేనానులు ఆ వీధి పొడవునా కంచు గుర్రాల మీద ఉండేవారు. వాళ్ళలో ఒకడు జె.ఇ.బి. స్టువర్ట్. 1907లో పెట్టిన ఆ విగ్రహం తీరులోనే వైలీ కొత్త విగ్రహం చేశాడు. జడల జుట్టు, హుడీ, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్స్, నైకీ బూట్లు వేసుకున్న నల్లజాతి యువకుడు గుర్రం మీద వెనక్కి తిరిగి చూస్తుంటాడు. దిమ్మెతో కలిపి ఎత్తు 27 అడుగులు. 2019 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఆవిష్కరించి, డిసెంబర్‌లో రిచ్‌మండ్‌లోని వర్జీనియా లలితకళల మ్యూజియం ముందు శాశ్వతంగా నిలిపారు. దానికి పెట్టిన పేరు మత్తయి సువార్తలోది. మన తెలుగు బైబిల్లో ‘యుద్ధ సమాచారములు’ అని ఉన్న మాట అది. ఏడాది తిరక్కుండానే, 2020 జూలైలో, స్టువర్ట్ విగ్రహాన్ని తీసేశారు. వైలీ గుర్రం అక్కడే ఉంది.

ఇది మొదటి దారం. ఇందులో శక్తి ఉంది, కాదనను. కానీ దీనికొక హద్దు కూడా ఉంది. సింహాసనం మీద కూర్చున్న మనిషి మారాడు, సింహాసనం అలాగే ఉంది. నల్లజాతి మనిషి గొప్పవాడిగా కనబడాలంటే నెపోలియన్ గుర్రమే ఎక్కాలా? అతనికి సొంత గుర్రం లేదా?

ఉంది. ఎప్పటినుంచో ఉంది.

వైలీ హ్యారీ, చార్లెస్, లూ

వైలీ విగ్రహం బయట నిలబడిన ఆ మ్యూజియం సేకరణలోనే 1835 ప్రాంతపు నూనెరంగుల చిత్రం ఒకటి ఉంది. ఎడ్వర్డ్ ట్రోయ్ అనే చిత్రకారుడు వేశాడు. స్విట్జర్లాండ్‌లో పుట్టి, అమెరికా దక్షిణాదిలో ఊరూరా తిరిగి ధనికుల పందెపు గుర్రాల బొమ్మలు వేసి బతికినవాడు. ఆ చిత్రంలో గుర్రం పేరు రిచర్డ్ సింగిల్టన్. దాని చుట్టూ ముగ్గురు నల్లజాతి మనుషులు. శిక్షణ ఇచ్చేవాడు, సాకేవాడు, పందెంలో స్వారీ చేసే జాకీ. ముగ్గురూ బానిసలు.

చిత్రం పేరు చూడండి: ‘రిచర్డ్ సింగిల్టన్, వైలీ హ్యారీ, చార్లెస్, లూలతో’. ఇక్కడ ‘వైలీ’ ఆ మనుషుల ఇంటిపేరు కాదు, వాళ్ళ యజమాని పేరు. మన చిత్రకారుడి పేరు తెలుగులో ఇలాగే పలుకుతుంది గానీ ఇద్దరికీ సంబంధం లేదు. గుర్రానికి పేరూ ఇంటిపేరూ రెండూ ఉన్నాయి. మనుషులకు ఒక్కో పేరు, దాని ముందు యజమాని పేరు. అయినా ట్రోయ్ వాళ్ళను ఏదో నీడలా గీసి వదిలెయ్యలేదు. ముగ్గురి మొహాలూ వేరువేరుగా, ఎదురుపడితే గుర్తుపట్టేలా ఉంటాయి. గుర్రం ఖరీదు దాన్ని పెంచినవాళ్ళ పనితనం మీద ఆధారపడిందని యజమానికీ తెలుసు, చిత్రకారుడికీ తెలుసు. అందుకే వాళ్ళు బొమ్మలోకి వచ్చారు.

అంటే చిత్రకళలో నల్లజాతి గుర్రపు మనిషి లేడన్నది తప్పు. ఉన్నాడు. గుర్రం పక్కన, కళ్ళెం పట్టుకుని, వేరొకరి ఆస్తిగా ఉన్నాడు.

బానిసత్వం పోయాక అదే పనితనం వాళ్ళకు కొంతకాలం పేరు తెచ్చింది. 1875లో కెంటకీ డెర్బీ అనే పేరున్న గుర్రప్పందెం మొట్టమొదటిసారి జరిగినప్పుడు అందులో పరిగెత్తిన 15 మంది జాకీల్లో 13 మంది నల్లజాతి వాళ్ళు. గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా వాళ్ళలో ఒకడే. మొదటి 28 డెర్బీల్లో 15 నల్లజాతి జాకీలే గెలిచారు. ఐజక్ మర్ఫీ ఒక్కడే మూడుసార్లు, 1884, 1890, 1891లో గెలిచాడు. ఆ తర్వాత దక్షిణాదిలో జాతి వేర్పాటు చట్టాలు బిగిశాయి. తెల్ల జాకీలు జట్టుకట్టి పందెం మధ్యలోనే నల్లజాతి రౌతుల్ని కంచెకేసి తోసేవారు, కొరడాతో కొట్టేవారు. యజమానులు వాళ్ళకు గుర్రాలివ్వడం మానేశారు. 1901, 1902లో వరసగా రెండు డెర్బీలు గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ రష్యా వెళ్ళిపోయి అక్కడ పందేలు ఆడాడు. 1921 తర్వాత మళ్ళీ ఒక నల్లజాతి జాకీ డెర్బీలో కనిపించింది 2000 సంవత్సరంలోనే.

మధ్యలో ఆ దేశపు కళ్ళకు మిగిలిన బొమ్మేమిటో తెలుసా? ఇళ్ళ ముందు పచ్చికలో పెట్టుకునే పొట్టి విగ్రహం. జాకీ బట్టలు, నల్లరంగు పూసిన మొహం, ఎర్రటి పెదాలు, గుర్రాన్ని కట్టెయ్యడానికి చేతిలో ఒక కడియం. డెర్బీ గెలిచిన మనుషుల్ని మైదానం నుంచి తరిమేసి, వాళ్ళ బొమ్మను గేటు దగ్గర అలంకారంగా నిలబెట్టారు. దీని గురించి చదివినప్పుడల్లా నాకు ఒంట్లో మంట పుడుతుంది.

కౌబాయ్‌ల సంగతీ ఇంతే. 1860 లెక్కల ప్రకారం టెక్సస్‌లో లక్షా ఎనభై వేలకు పైగా బానిసలున్నారు, జనాభాలో దాదాపు మూడో వంతు. యజమానులు అంతర్యుద్ధానికి పోయినప్పుడు పశువుల్ని కాసినవాళ్ళలో ఈ బానిసలూ ఉన్నారు. యుద్ధం ముగిశాక ఉత్తరాన గొడ్డుమాంసానికి గిరాకీ పెరిగింది. వేలాది పశువుల్ని కాన్సస్ రైలు స్టేషన్ల దాకా తోలుకుపోయే పని మొదలైంది. ఆ పని చేసినవాళ్ళలో నల్లజాతి వాళ్ళు నాలుగో వంతు దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ‘కౌబాయ్’ అనే మాటే నల్లజాతి పనివాళ్ళను ‘బాయ్’ అని పిలవడం వల్ల పుట్టిందని చాలామంది రాస్తుంటారు. అది పూర్తిగా నిలవదు. ఆ మాట 18వ శతాబ్దపు ఇంగ్లిషులోనే పశువులు కాసే కుర్రాడి అర్థంలో ఉంది. అమెరికాలో నల్లజాతి మగవాళ్ళను ఎంత వయసొచ్చినా ‘బాయ్’ అని పిలిచి అవమానించారన్నది మాత్రం నిజం. ఆ తర్వాత సినిమా వచ్చింది. కౌబాయ్ అంటే తెల్లవాడే అన్నట్టు ప్రపంచమంతా నమ్మింది. మన దగ్గర కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవాళ్ళకూ అదే నమ్మకం.

హైదరాబాద్ వాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. మాసబ్ ట్యాంక్ పక్కన ఏ.సీ. గార్డ్స్ అని ఒక బస్తీ ఉంది. ఆ రెండక్షరాలకూ ఎయిర్ కండిషనర్‌తో సంబంధం లేదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం కొలువులోని ఆఫ్రికా ఆశ్వికదళం. ఆ దళంలోని సిద్దీ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉంటున్నారు. 1948 తర్వాత దళం పోయింది, గుర్రాలు పోయాయి, బస్ స్టాప్ పేరు మిగిలింది. అంతకు మూడొందల ఏళ్ళ ముందే ఇథియోపియా నుంచి బానిసగా వచ్చిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ సేనల్ని నడిపి మొఘలుల్ని ముప్పుతిప్పలు పెట్టాడు. ఆయన రూపం దక్కనీ, మొఘల్ చిత్రాల్లో నిలిచింది. నల్లజాతి రౌతు అంటే అమెరికా సంగతే అనుకోనక్కర్లేదు.

ఊరి మధ్య లాయం

రెండో దారం ఇప్పటికీ తెగలేదు. అందుకు సాక్ష్యం ఫిలడెల్ఫియా ఉత్తరభాగంలో, స్ట్రాబెరీ మాన్షన్ అనే పేటలో ఉంది. ఇటుక ఇళ్ళ వరసల మధ్య ఫ్లెచర్ స్ట్రీట్ లాయాలు. ఆ పేటలో గుర్రాలు పెంచడం సుమారు వందేళ్ళ నాటి అలవాటు. ఒకప్పుడు పాలు, కూరగాయలు, బొగ్గు బండ్లు లాగిన గుర్రాలు అవి. లారీలు వచ్చాక పని పోయింది గానీ గుర్రాల మీద ప్రేమ పోలేదు. ఇక్కడి వాళ్ళు పెన్సిల్వేనియా పల్లెల్లో జరిగే వేలానికి వెళ్ళి, ఎవరూ కొనకపోతే కబేళాకి పోవలసిన గుర్రాల్ని చవగ్గా కొనుక్కొస్తారు. పిల్లలు బడి అయ్యాక వచ్చి పేడ ఎత్తుతారు, జూలు దువ్వుతారు. స్వారీ ఆ తర్వాతే.

లాస్ ఏంజెలస్ దగ్గర కాంప్టన్‌లో రిచ్‌లాండ్ ఫార్మ్స్ అని వ్యవసాయానికి వదిలిన ఒక పేట ఉంది. అక్కడ మయీషా అక్బర్ 1988లో పిల్లల కోసం స్వారీ బృందం మొదలుపెట్టింది. గ్యాంగుల వైపు పోకుండా పిల్లల్ని గుర్రాల వైపు తిప్పడమే ఆమె ఉద్దేశం. అందులో పెరిగిన వాళ్ళే తర్వాత ‘కాంప్టన్ కౌబాయ్స్’గా పేరు తెచ్చుకున్నారు. ఓక్లహోమాలోని ఓక్‌మల్గీలో 1956 నుంచి ఏటా నల్లజాతి రోడియో జరుగుతోంది. బాల్టిమోర్‌లో గుర్రపుబండి మీద పళ్ళూ కూరగాయలూ కేకలేస్తూ అమ్మే నల్లజాతి వ్యాపారుల్ని ‘అరబ్బర్లు’ అంటారు. జట్కా బండ్లు చూసిన తరం వాళ్ళకు ఆ డెక్కల చప్పుడు, ఆ కేక వేరే దేశానివి అనిపించవు.

2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కాంప్టన్‌లో, హ్యూస్టన్‌లో నిరసన ఊరేగింపుల ముందు ఈ రౌతులు గుర్రాల మీద నడిచారు. ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. ‘వీళ్ళెక్కడి నుంచి వచ్చారు?’ అని ఆశ్చర్యపోయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఎక్కడినుంచీ రాలేదు, అక్కడే ఉన్నారు.

ఈ జీవితాన్ని చిత్రించేవాళ్ళు వైలీ దారిలో వెళ్ళరు. ఘానా రాజధాని అక్రాలో 1988లో పుట్టి, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్థిరపడిన ఓటిస్ క్వామే క్యే క్వైకో, 21వ శతాబ్దపు నల్లజాతి కౌబాయ్‌ల మీద ఒక వరస చిత్రాలే వేశాడు. అతని రౌతులు ముందుకాళ్ళు లేపిన గుర్రం మీద ఉండరు. నిలబడతారు, మన వైపు సూటిగా చూస్తారు. వెనక ఒకే రంగు గోడలా ఉంటుంది. బట్టల మీద రంగులు మెరుస్తాయి. చర్మం మాత్రం నలుపు, బూడిద రంగుల్లో, బ్రష్ నడిచిన దారి తెలిసేంత మందంగా ఉంటుంది. దగ్గరికెళితే బుగ్గ ఎముక మీద ఒక తెల్లటి గీత, దాని పక్కన బూడిద, దాని కింద చిక్కటి నలుపు. మొహం ఒక భూమిలాగా ఎత్తుపల్లాలతో కనబడుతుంది.

ఈ చర్మం రంగు గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే కొత్తగా చూసేవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. నల్లజాతి మనిషి చర్మం గోధుమ రంగులో రకరకాల ఛాయల్లో ఉంటుంది కదా, మరి నల్లగానో బూడిదగానో ఎందుకు వేస్తారు? దీనికి ఒక్కొక్కరి కారణం ఒక్కోటి. కెర్రీ జేమ్స్ మార్షల్ అనే పెద్ద చిత్రకారుడు తన మనుషుల్ని కావాలనే కారునలుపులో వేస్తాడు. ఐవరీ బ్లాక్, కార్బన్ బ్లాక్, మార్స్ బ్లాక్ అనే మూడు నలుపుల్ని వాడుతూ, ఆ నలుపులోనే వెలుగూ నీడా చూపిస్తాడు. నలుపంటే వెలుగు లేకపోవడం కాదు, అదే ఒక పూర్తి రంగు అన్నది ఆయన వాదం. మిషెల్ ఒబామా అధికారిక చిత్రం వేసిన అమీ షెరాల్డ్ మాత్రం చర్మాన్ని పూర్తిగా బూడిద రంగులో వేస్తుంది. పాత నలుపు తెలుపు ఫోటోల్లోని మొహాల్లా ఉంటాయి ఆమె మనుషులు. చూసేవాడు ముందు జాతిని చూసి, తర్వాత మనిషిని చూసే అలవాటును కాసేపు ఆపాలని ఆమె ప్రయత్నం. 2017లో ఆమె వేసిన ఒక చిత్రంలో కౌబాయ్ టోపీ పెట్టుకుని, అమెరికా జెండా చొక్కా వేసుకున్న నల్లజాతి మనిషి నింపాదిగా నిలబడి ఉంటాడు. గుర్రం ఉండదు. దాని అవసరమూ ఉండదు.

షెరాల్డ్ చాలా ఏళ్ళు బాల్టిమోర్‌లో ఉంది. 2022లో వేసిన ఆమె జంటచిత్రం ‘డెలివరెన్స్’లో ఇద్దరు కుర్రాళ్ళు డర్ట్ బైకుల మీద ముందుచక్రం పైకి లేపి గాల్లో ఉంటారు. ఒక్కో చిత్రం మనిషి కంటే ఎత్తు. ఆ బైకులు వీధుల్లో నడపడం ఆ ఊళ్ళో చట్టవిరుద్ధం, పోలీసులకీ కుర్రాళ్ళకీ రోజూ టెన్షన్. వాటి వార్తలు ఎప్పుడూ నేరాల పేజీలోనే వస్తాయి. షెరాల్డ్ ఆ పైకి లేచిన చక్రంలో, ముందుకాళ్ళు లేపిన రాజుగారి గుర్రాన్ని చూసింది. మొదటి దారం, రెండో దారం అందంగా కలిసిన చోటు నాకు ఇదే. ఇక్కడ రౌతు రాజు బట్టలు తొడుక్కోలేదు. తన వాహనం మీదే, తన వీధిలో నేర్చిన విద్యతోనే పైకి లేచాడు.

ఇంకొక్క చిత్రం చెప్పి ముందుకు వెళతాను. 32 ఏళ్ళకే చనిపోయిన నోవా డేవిస్ 2007లో వేసిన ‘నలభై ఎకరాలూ ఒక యూనికార్నూ’. చిమ్మచీకటిలో, నుదుటి మీద ఒంటికొమ్ము ఉన్న తెల్లటి గుర్రం మీద ఒక నల్లజాతి కుర్రాడు కూర్చుని ఉంటాడు. చుట్టూ ఇంకేమీ లేదు. ఆ పేరు వెనక ఒక మాట తప్పిన కథ ఉంది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ దక్షిణాది తీరపు భూముల్ని విడుదలైన బానిసలకు కుటుంబానికి నలభై ఎకరాల దాకా ఇవ్వమని ఆజ్ఞ ఇచ్చాడు. సైన్యం దగ్గరున్న కంచర గాడిదల్ని కూడా కొందరికి ఇచ్చారు. సుమారు నలభై వేలమంది ఆ భూముల్లో స్థిరపడ్డారు. ఆ ఏడాది ముగిసేలోపే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ ఆజ్ఞను తిప్పేసి, భూముల్ని పాత యజమానులకే ఇచ్చాడు. ‘నలభై ఎకరాలూ ఒక కంచర గాడిదా’ అన్నది అప్పటినుంచీ దక్కని హామీకి మారుపేరు. డేవిస్ ఆ గాడిద స్థానంలో లోకంలో లేని జంతువును పెట్టాడు. అది నిజంగా ఇస్తారని నమ్మడమూ, యూనికార్న్ ఉందని నమ్మడమూ ఒకటేనని అంత చిన్న మార్పుతో చెప్పాడు. నెపోలియన్‌ని మోసిందీ కంచర గాడిదే, వీళ్ళకు దక్కనిదీ కంచర గాడిదే. నెపోలియన్ బొమ్మలో అది ముందుకాళ్ళు లేపిన గుర్రమైంది, వీళ్ళ బొమ్మలో కలగా మారింది.

బొమ్మ గోడ మీదికి, గుర్రం ఎక్కడికి?

ఈ చిత్రాలకు ఇప్పుడు మంచి ధర పలుకుతోంది. ఫ్యాషన్, సంగీతం కూడా కౌబాయ్ టోపీ వైపు తిరిగాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మరి చెట్టు సంగతేమిటి? ఫ్లెచర్ స్ట్రీట్ రౌతులు ఏళ్ళ తరబడి గుర్రాల్ని తిప్పిన ఖాళీ మైదానంలో కట్టడం వచ్చింది. నగరంలో భూమి ధర పెరిగినకొద్దీ లాయం ఒక అడ్డంకిగా కనబడుతుంది. వాసన వస్తోందని ఫిర్యాదులు, అనుమతులు లేవని నోటీసులు. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని పేట కాబట్టి గుర్రాలు మిగిలాయి. ఇప్పుడు అందరికీ కావాలి కాబట్టి అవి పోతున్నాయి.

అందుకే కళాకారుడు ఈ మనుషుల దగ్గరికి ఎలా వెళ్ళాడన్నది నాకు ముఖ్యం. అల్జీరియాలో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన మొహమ్మద్ బూరూయిసా 2014లో ఫ్లెచర్ స్ట్రీట్ వెళ్ళి నెలల తరబడి ఉన్నాడు. రౌతులతో కలిసి ‘గుర్రాల రోజు’ అని ఒక పోటీ పెట్టాడు. ఊళ్ళోని కళాకారులు గుర్రాలకు వేషాలు కట్టారు, కుర్రాళ్ళు కారును ముస్తాబు చేసినట్టు గుర్రాల్ని ముస్తాబు చేశారు. తర్వాత ఆ రౌతుల ఫోటోల్ని కాన్వాసు మీద కాకుండా పాత కార్ల డొక్కు రేకుల మీద ముద్రించాడు. సొట్టల మీద, గీతల మీద మొహం వంకరపోతుంది, విరుగుతుంది. గుర్రాన్ని పక్కకు నెట్టిన యంత్రం మీదికే రౌతు తిరిగి వచ్చినట్టుంటుంది.

పోర్ట్‌లాండ్‌లో ఉండే ఫోటోగ్రాఫర్ ఐవన్ మెక్‌లెలన్ 2015లో మొదటిసారి ఓక్‌మల్గీ రోడియోకి వెళ్ళి, అక్కడినుంచి ఏళ్ళ తరబడి ఆ మనుషుల్నే తీస్తూ వచ్చాడు. తర్వాత తానే పోర్ట్‌లాండ్‌లో నల్లజాతి రోడియో పెట్టి, రౌతులకు బహుమతి డబ్బులు దక్కేలా చేశాడు. ఫోటో తీసి వెళ్ళిపోకుండా రౌతుకు పని కల్పించాడు. ఈ పద్ధతి నాకు చాలా గౌరవం కలిగించింది.

మన దేశంలో పెళ్ళికొడుకు గుర్రమెక్కాడని దళితుల ఊరేగింపుల మీద రాళ్ళు పడ్డ వార్తలు రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్‌ల నుంచి ఇప్పటికీ వస్తుంటాయి. కొన్నిచోట్ల పోలీసు కాపలాతో బరాత్ నడుస్తుంది. ఆ వార్త చదివినవాళ్ళెవరూ ‘గుర్రం బొమ్మ మీద ఇంత చర్చ ఎందుకు’ అని అడగరు.

రిచ్‌మండ్‌లో ఇప్పుడు వైలీ విగ్రహం, ట్రోయ్ చిత్రం రెండూ ఒకే మ్యూజియంవి. బయట 27 అడుగుల ఎత్తున, ఏ ఒక్కరి పేరూ లేని యువకుడు. ట్రోయ్ చిత్రంలో హ్యారీ, చార్లెస్, లూ, తమ ముందు యజమాని పేరు మోస్తూ. బయటి బొమ్మకు ఎత్తు దక్కింది, లోపలి బొమ్మకు మొహాలు దక్కాయి. పూర్తి పేరు రెంటికీ దక్కలేదు.

ఓక్‌మల్గీలో ఆగస్టు రాత్రి మైకు పట్టుకున్నవాడి పద్ధతి వేరు. ఇనుప గేటు వెనక గుర్రం కాళ్ళు తన్నుతుంటుంది, రౌతు తాడు చేతికి చుట్టుకుంటాడు, టోపీ కిందికి లాక్కుంటాడు. గేటు తీయకముందే మైకులో అతని పేరు, ఇంటిపేరు, ఊరు మైదానమంతా వినబడేలా చెబుతారు. గ్యాలరీలో కూర్చున్న ఎవరో అత్తయ్యో బాబాయో ఆ పేరు మళ్ళీ గట్టిగా అరుస్తారు. గేటు తెరుచుకుంటుంది. కింద పడకుండా నిలవాల్సింది ఎనిమిది సెకన్లు.